ముందు మెట్టు, తర్వాత మెషిన్

ఫిజియోథెరపీ క్లినిక్‌కు వచ్చిన మనిషి కుర్చీలో సర్దుకుని కూర్చోకముందే అడిగే ప్రశ్న ఒకటుంది. "ఎన్ని సిట్టింగులు పడతాయండీ?" జబ్బేమిటని కాదు, ఎందుకొచ్చిందని కాదు. సిట్టింగుల లెక్క తేలితే ఖర్చు తేలుతుంది, ఖర్చు తేలితే ఇంట్లో చెప్పుకోవడానికి ఒక మాట దొరుకుతుంది. అడగడంలో తప్పేమీ లేదు. బెజవాడలో ఇన్నేళ్ళుగా మడమలూ మోచేతులూ భుజాలూ చూస్తున్న నాకు ఇబ్బందల్లా ఆ ప్రశ్న వెనకున్న నమ్మకంతోనే. బాగుచేసేది బల్ల పక్కనున్న మెషిన్ అనీ, తాము చేయాల్సిందల్లా వచ్చి ఆ బల్ల మీద పడుకోవడమేననీ.

ఒకప్పుడు ఆ నమ్మకం 'కరెంటు పెట్టించుకోవడం' మీద ఉండేది. ఇప్పుడు షాక్‌వేవ్ మీదికి మళ్ళింది. అది చప్పుడు చేస్తుంది, చురుక్కుమంటుంది, ఖరీదూ ఎక్కువే. ఈ మూడూ ఉన్న వైద్యాన్ని మనవాళ్ళు తేలిగ్గా తీసుకోరు. లోపల టకటకమంటుంటే బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళు చెవులు రిక్కిస్తారు. "కిడ్నీలో రాళ్ళు పగలగొట్టేది ఇదేనా సార్?" అని ఒకాయన ఎక్స్‌రే కవరు ఒళ్ళో పెట్టుకుని అడిగాడు.

ఆయన అడిగినదాంట్లో నిజముంది. షాక్‌వేవ్ వైద్యం పుట్టింది అక్కడే. జర్మనీలో విమానాలు తయారుచేసే డోర్నియర్ కంపెనీ, ధ్వనిని మించిన వేగంతో ఎగిరే విమానాన్ని వానచినుకులు తాకితే లోహం ఎలా దెబ్బతింటుందో చూస్తూ చూస్తూ ఈ తరంగాల సంగతి పట్టుకుంది. 1980 ఫిబ్రవరిలో మ్యూనిక్‌లో క్రిస్టియన్ షౌసీ బృందం ఒక రోగిని నీళ్ళ తొట్టెలో పడుకోబెట్టి, కత్తి పెట్టకుండా, బయటినుంచి పంపిన తరంగాలతోనే మూత్రపిండంలో రాయిని పగలగొట్టింది. తర్వాత అదే తరంగాన్ని అతకని ఎముకల మీదా, సున్నం పేరుకున్న భుజాల మీదా వాడి చూశారు. 2000లో అమెరికా ఎఫ్.డి.ఎ. మొండికేసిన మడమ కింది నొప్పికి ఒక షాక్‌వేవ్ యంత్రాన్ని ఆమోదించింది.

అయితే మాబోటి క్లినిక్కుల్లో ఎక్కువగా ఉండేది తరంగాన్ని ఒకచోట కేంద్రీకరించే ఆ ఫోకస్డ్ యంత్రం కాదు, రేడియల్ రకం. కంప్రెసర్ గాలి ఒత్తిడికి లోపల చిన్న లోహపు ముక్క దూసుకొచ్చి హ్యాండ్‌పీస్ కొసను కొడుతుంది. ఆ దెబ్బ చర్మం మీదుగా లోపలికి పాకుతుంది, లోతుకు పోయేకొద్దీ పలచబడుతుంది. రోడ్డు తవ్వే డ్రిల్లింగ్ మెషిన్‌ను పిడికిట్లో పట్టేంత చేస్తే ఎలా ఉంటుందో ఇదీ అంతే. ఫిజిక్స్ తెలిసినవాళ్ళయితే దీన్ని షాక్‌వేవ్ అనడానికే ఒప్పుకోరు. మామూలుగా ఒక విడతకు 2,000 దెబ్బలు, సెకనుకు ఎనిమిదో పదో, వారానికొకసారి, మూడు వారాలు. దెబ్బలు తగిలిన చోట నొప్పిని మోసుకెళ్ళే నరాల కొసలు కొంతకాలం మొద్దుబారతాయి. అక్కడి కణాలు ఆ తాకిడినే సంకేతంగా తీసుకుని మరమ్మతుకు పూనుకుంటాయని రెండో వాదన. దానికి ప్రయోగశాలలో ఆధారాలున్నాయి గానీ, మనిషి కాలి మీద అదెంత జరుగుతోందన్నది ఇంకా వాదోపవాదాల్లోనే ఉంది. "సూదేసి, నొప్పి తెలీకుండా కొట్టండి సార్" అని కొందరు అడుగుతారు. 2005లో జర్మనీలో రోంపె బృందం మడమ నొప్పి వాళ్ళకు సరిగ్గా అదే చేసి చూసింది. మత్తు ఇచ్చిన వాళ్ళకు గుణం తక్కువగా వచ్చింది. అందుకని నేను సూది వేయించను. పళ్ళ బిగువున భరించేంత కొట్టను కూడా. మాట్లాడుతూ భరించగలిగితే చాలు.

ఇంతకీ ఈ దెబ్బలు తగిలేది దేనికి? కండను ఎముకకు కలిపే టెండన్‌కు. మనవాళ్ళు "నరం లాగేస్తోంది" అని చూపించే చోట చాలాసార్లు ఉండేది అదే. పిక్క కింద మడమ పైన, మోకాలి చిప్ప కింద, మోచేతి బయటి వైపు, భుజం పైన. నెలల తరబడి నొప్పెట్టే టెండన్‌ను కోసి మైక్రోస్కోపు కింద చూస్తే, వాపు తెచ్చే కణాలు పెద్దగా కనిపించవు. వరస తప్పిన పీచులు, ఉండకూడని చోట పెరిగిన సన్నటి రక్తనాళాలు కనిపిస్తాయి. అందుకే వాపు మాత్రలు మింగినన్నాళ్ళూ బాగుండి, మానగానే కథ మళ్ళీ మొదటికొస్తుంది.

టెండన్ నిదానం ఎలాంటిదో చెప్పే పరిశోధన ఒకటి నాకు చాలా ఇష్టం. 1955 నుంచి 1963 దాకా జరిగిన అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో ఒక రకం కార్బన్ బాగా పెరిగింది. తిండి ద్వారా అది అందరి ఒంట్లోనూ చేరింది. డెన్మార్క్ పరిశోధకులు ఆ గుర్తును పట్టుకుని, మడమ పైని టెండన్ నడిగర్భం ఎప్పుడు తయారైందో లెక్కగట్టారు. 2013లో వాళ్ళు చెప్పింది, సుమారు పదిహేడేళ్ళ వయసు నాటికి తయారైనదే ఆ తర్వాత దాదాపు మారకుండా ఉండిపోతోందని. ఇంటర్ పరీక్షలు రాసినప్పటి టెండన్ మీదే అరవయ్యేళ్ళ పెద్దాయన కొండ మెట్లెక్కుతున్నాడన్నమాట. ఇలాంటిదాన్ని మూడు సిట్టింగుల్లో కొత్తదిగా చేసిస్తామని ఎవరైనా బోర్డు పెడితే నాకు నవ్వొస్తుంది. పది, పదిహేను సిట్టింగుల ప్యాకేజీ ముందే కట్టించుకున్నారంటే మాత్రం నవ్వు రాదు.

టెండన్‌ను మార్చలేకపోయినా బరువుకు అలవాటు చేయవచ్చు. ఆ విద్యలో పెద్ద మలుపు స్వీడన్‌లో వచ్చింది. ఉమియో ఊళ్ళో హాకన్ ఆల్ఫ్రెడ్‌సన్ అనే ఆర్థోపెడిక్ సర్జన్‌కు మడమ పైన నొప్పి. తనకు ఆపరేషన్ చేయమంటే పై అధికారి ఒప్పుకోలేదు, సెలవు ఇవ్వడం కుదరదన్నాడు. నొప్పి ముదిరితే వాళ్ళే చేస్తారులెమ్మని ఈయన మెట్టు అంచున నిలబడి మడమను కిందికి దించుతూ టెండన్‌ను కావాలని కష్టపెట్టాడు. నొప్పి ముదరలేదు, పోయింది. ఆయన చెప్పుకున్న కథే ఇది. 1998లో పదిహేనుమంది సరదా పరుగువాళ్ళ మీద ఆయన అచ్చువేసిన ఫలితాలు మా వృత్తినే మార్చేశాయి. మోకాలు చాచి పదిహేనేసి చొప్పున మూడుసార్లు, వంచి మూడుసార్లు, పూటకు తొంభై, రోజుకు రెండు పూటలు, పన్నెండు వారాలు. తేలికైతే వీపుకు బ్యాగు తగిలించి బరువు పెంచడం. పదిహేనుమందీ మళ్ళీ పరిగెత్తారు.

ఆ కాగితం పట్టుకుని మన దగ్గర రోజుకు 180 సార్లు అంటే ఎవరు చేస్తారు? పరుగువాళ్ళు చేశారు. పొద్దున్నుంచీ బ్లాక్‌బోర్డు ముందు నిలబడి వచ్చిన టీచరమ్మ చేయదు, చేయనక్కర్లేదు కూడా. 2007లో ఇంగ్లండులో ఆటలాడని మామూలు మనుషులతో అదే వ్యాయామం చేయిస్తే నూటికి 44 మందికి గుణమే కనిపించలేదు. నా బల్ల మీదికొచ్చేది వాళ్ళే. షుగరూ బీపీ ఉన్నవాళ్ళు, ఒళ్ళు వచ్చినవాళ్ళు, ఇంట్లో గ్రానైటు బండల మీద ఉత్త కాళ్ళతో తిరిగేవాళ్ళు. షుగరున్న మనిషి టెండన్ మందంగా, బిరుసుగా మారుతుంది. కార్తీకంలో మాల వేసుకుని నలభై ఒక్క రోజులు చెప్పుల్లేకుండా నడిచిన స్వాములూ, భవానీలూ సంక్రాంతి దాటాక మడమలు పట్టుకుని వస్తారు. వాళ్ళు ఎక్కిన మెట్లను నేనేమీ అనను. ఏడాదంతా కుర్చీలో కూర్చుని ఆ నలభై ఒక్క రోజులే నడిచిన సంగతి మాత్రం అంటాను. వచ్చే ఏడు దసరా ముందునుంచే పిక్కలకు పని చెప్పమంటాను.

ఒట్టి వ్యాయామంతో గుణం కనపడని ఇలాంటివాళ్ళ దగ్గరే మెషిన్‌కు అసలు చోటు దొరికేది. రోంపె బృందమే వరసగా చేసిన పరీక్షలున్నాయి. 2007లో మడమ పైని నొప్పికి వ్యాయామం ఒక్కటే చేసినవాళ్ళలో 60 శాతం, షాక్‌వేవ్ ఒక్కటే చేయించుకున్నవాళ్ళలో 52 శాతం నాలుగు నెలల్లో కోలుకున్నారు. ఏమీ చేయకుండా చూస్తూ ఊరుకున్నవాళ్ళలో 24 శాతం. 2009లో వ్యాయామానికి షాక్‌వేవ్ జోడిస్తే 82 శాతం, జోడించకపోతే 56. ఈ అంకెలు నేను గోడకు అంటించలేదు గానీ నోటికొచ్చు. అన్ని పరీక్షలూ ఇంత ముచ్చటగా లేవని కూడా తెలుసు. 2005లో ఇంగ్లండులోనే నెలకొకసారి చొప్పున చేసిన పరీక్షలో షాక్‌వేవ్‌కు ఏ మేలూ కనిపించలేదు. టెండన్ సరిగ్గా మడమ ఎముకకు అతుక్కునే చోట నొప్పయితే కథ వేరు. అక్కడ మడమను మెట్టు కిందికి దించే వ్యాయామం టెండన్‌ను ఎముకకేసి నొక్కేస్తుంది. 2008లో అలాంటివాళ్ళలో వ్యాయామంతో 28 శాతం, షాక్‌వేవ్‌తో 64 శాతం బాగుపడ్డారు. వాళ్ళను మెట్టు ఎక్కించను. చదునైన నేల మీదే మడమ లేపి దింపిస్తాను, మెషిన్ కూడా త్వరగా పెడతాను. భుజంలో సున్నం పేరుకుంటే ఫోకస్డ్ మెషిన్ ఉన్నచోటికి పంపేస్తాను. ఆ పనికి దానిదే పైచేయి.

మిగతా అందరికీ నా క్లినిక్‌లో నియమం ఒకటే. మొదటి రోజు మెషిన్ ఆన్ చేయను. వ్యాయామం నేర్పి పంపిస్తాను, వారం తర్వాత వచ్చి నా ముందు చేసి చూపించాలి. మనిషి మడమ దించే తీరు చూస్తే ఇంట్లో చేశాడో లేదో తెలిసిపోతుంది. చేసినవాడు నిదానంగా, అద్దం వైపు చూడకుండా దించుతాడు. చేయనివాడు దబదబా దించేసి, పదో సారికి లెక్క మరిచిపోయి నా మొహం చూస్తాడు. ఈ నియమం వల్ల కొందరు పక్క వీధి క్లినిక్‌కు వెళ్ళిపోయారు. వెళ్ళనీ.

చేయించడంలో ఉన్న చిక్కులు పుస్తకంలో దొరకవు. మెట్టు లేని ఇల్లయితే గడప మీద చేయండని ఒకావిడకు చెప్పాను. అత్తగారు ఊరుకోలేదు, పసుపు రాసి బొట్టు పెట్టిన గడపను తొక్కుతావా అని. ఆ ఇంటికి రెండిటుకలు వేసి పైన చెక్క పెట్టించాను. బరువు పెంచమంటే జిమ్ ఎక్కడుంది అంటారు. ఇరవై లీటర్ల నీళ్ళ టిన్నంటే ఇరవై కిలోలే కదా. కాలేజీ పిల్లల బ్యాగులో ఐదు కిలోల బియ్యం, తర్వాత పది కిలోలు. వారానికి మూడుసార్లు, బరువుతో, నిదానంగా చేసినా రోజూ చేసే 180 సార్లకు తీసిపోదని డెన్మార్క్‌లో 2015లో తేల్చారు. మన ఇళ్ళకు అదే నప్పుతుంది. పైకి మూడు సెకన్లు, కిందికి మూడు సెకన్లు. సెకన్లు లెక్కపెట్టుకోమంటే పెద్దవాళ్ళకు విసుగు. గోవింద నామాలు వచ్చినవాళ్ళకు ఒక నామానికి పైకి, ఒక నామానికి కిందికి అని చెబుతాను. నాకు ఇంతకంటే మంచి మెట్రోనోమ్ దొరకలేదు.

ఇక నొప్పి కొలత. పదికి ఎంత నొప్పి అని అడగమని మాకు నేర్పారు. "పదకొండండీ" అంటారు నవ్వుతూ. రూపాయికి ఎంత అని అడిగితే మాత్రం ఠక్కున జవాబొస్తుంది. "ముప్పావలా ఉందండి, పావలా తగ్గింది." స్వీడన్‌లో కారిన్ సిల్బర్‌నాగెల్ అనే ఫిజియోథెరపిస్టు 2007లో చూపించిందేమిటంటే, నొప్పి పదికి ఐదు దాటకుండా చూసుకుంటూ పరుగులూ గెంతులూ కొనసాగించినవాళ్ళు, వాటిని మానేసి వ్యాయామం ఒక్కటే చేసినవాళ్ళలాగే బాగుపడ్డారు. నా భాషలో అది అర్ధరూపాయి. వ్యాయామం చేసేటప్పుడు అర్ధరూపాయి దాకా నొప్పి రావచ్చు. మర్నాడు తెల్లారి మంచం దిగి వేసే మొదటి నాలుగడుగులు నిన్నటికంటే బిగుసుకోకూడదు. బిగుసుకుంటే బరువు తగ్గించాలి, మానేయకూడదు. నా వృత్తిలో ఇంతకంటే కష్టమైన మాట లేదు. నొప్పి అంటే విశ్రాంతి అని పెరిగిన మనిషికి, నొప్పెడుతున్నా చేయమని చెప్పి నమ్మించాలి. మెషిన్ తెచ్చే ఊరట, అది రెండు మూడు వారాలకే అయినా, ఆ నమ్మకానికి పనికొస్తుంది. ముప్పావలా నొప్పి పావలాకు దిగిన వారమే బరువు పెంచడానికి అదను. ఆ వారంలో కాళ్ళు చాపుకుని కూర్చుంటే షాక్‌వేవ్‌కు పెట్టిన డబ్బు వృథా.

మెషిన్ అసలు పెట్టకూడని వాళ్ళున్నారు. గర్భిణులు, రక్తం పలచబడే మందు వాడేవాళ్ళు, ఆ చోట గడ్డ ఉన్నవాళ్ళు, ఎముకలింకా ఎదుగుతున్న పిల్లలు. ఇవి మెషిన్ పుస్తకంలోనే ఉంటాయి. నేను అడిగే ఇంకో ప్రశ్నకు చాలామంది ఆశ్చర్యపోతారు. "ఈ మధ్య జ్వరానికో విరేచనాలకో సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ లాంటివి వాడారా?" ఆ జాతి యాంటీబయాటిక్‌లకు టెండన్ తెగే ప్రమాదముందని 2008లో ఎఫ్.డి.ఎ. నల్లగీతల పెట్టెలో హెచ్చరిక వేయించింది. మన దగ్గర మందుల షాపులో నోటితో అడిగి రెండు మాత్రలు కొనుక్కుంటారు. వాటి పేరు చీటీ మీద ఉండదు, మనిషికి గుర్తుండదు. రెండు మడమల్లోనూ ఒకేసారి, ఏ పనీ చేయకుండానే నొప్పి మొదలైందంటే నాకు మొదట గుర్తొచ్చేది మెషిన్ కాదు, ఆ షాపు. అలాంటివాళ్ళను ముందు డాక్టరు దగ్గరికే పంపుతాను.

మోచేతి సంగతికొస్తే షాక్‌వేవ్ మీద నాకు ఆశ తక్కువ. 2005లో కొక్రేన్ సమీక్ష అప్పటి పరీక్షలన్నీ కూడి చూసి, అక్కడ దాని మేలు ఉంటే కొద్దిగా, లేకపోతే లేదు అని తేల్చింది. సచిన్ టెండూల్కర్ కూడా అదే మోచేతి నొప్పికి 2005లో లండన్‌లో ఆపరేషన్ చేయించుకున్నాడు, ఫిజియోలు చుట్టూ ఉండే ఆటగాడైనా. మా పేటలో కర్రీ పాయింట్ నడిపే ఒకావిడ ఆ నొప్పితోనే వచ్చింది. తెల్లవారి నాలుగింటి నుంచి బాణలి ఎత్తడం, గరిటె తిప్పడం, మూటలు కట్టడం. అప్పటికే రెండుసార్లు స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకుంది. వేసినప్పుడల్లా నెలో రెండు నెలలో హాయి, ఆ తర్వాత మునుపటికంటే ఎక్కువ. ఆస్ట్రేలియాలో 2013లో అచ్చయిన ఒక పరీక్షలో ఇదే తీరు అంకెల్లో కనిపిస్తుంది. ఇంజెక్షన్ వేసినవాళ్ళలో 54 శాతానికి నొప్పి తిరగబెట్టింది, ఉత్త సూది వేసినవాళ్ళలో 12 శాతానికే.

ఆవిడను చెయ్యి బల్ల అంచున వేలాడేసి, లీటరు నీళ్ళ సీసా పట్టుకుని, మణికట్టును నిదానంగా కిందికి వదలమన్నాను.

"పొద్దున్నించీ తిప్పే గరిటెకంటే ఇదేం బరువండీ?"

"అదే అమ్మా. గరిటె మిమ్మల్ని తిప్పుతోంది, సీసాను మీరు తిప్పాలి. సీసాలో నీళ్ళు వారం వారం పెంచుదాం."

"మరి మెషిన్ పెట్టరా? పెద్దమ్మాయి మెషిన్ ఉందని చెప్పబట్టే వచ్చాను."

మోచేతికి దానితో పెద్దగా లాభముండదని విడమరిచి చెప్పాను. ఆవిడ విన్నది. విని, "పెట్టండి, చూద్దాం" అంది. సీసా మానకుండా చేస్తానని మాట తీసుకుని, మూడు వారాలు పెట్టాను. మాట నిలబెట్టుకుంది. కొట్లోనే గంగాళం పక్కన స్టూలు వేసుకుని పూటకోసారి చేసేది. లీటరు సీసా పోయి రెండు లీటర్ల సీసా వచ్చింది, బాణలి రెండు చేతులతో ఎత్తడం అలవాటు చేసుకుంది, మూటలు కట్టడానికి ఒక కుర్రాణ్ణి పెట్టింది. నాలుగో నెలకు ముప్పావలా నొప్పి అణాకు దిగింది.

ఇప్పుడావిడ కొట్టుకు పప్పూ సాంబారూ కొనడానికి వచ్చినవాళ్ళలో ఎవరు మోచెయ్యి పట్టుకున్నా నా క్లినిక్ గుర్తులు చెబుతోంది. "ఆ టకటక మెషిన్ పెట్టించుకో, మూడు సిట్టింగులకే తగ్గిపోయింది నాకు" అని చెబుతోందట. పోయిన వారం ముగ్గురొచ్చారు. ముగ్గురూ ఆ మాటే అన్నారు. ముగ్గురి చేతికీ నీళ్ళ సీసా ఇచ్చి, వచ్చే వారం రమ్మన్నాను.